రష్యా కోసం కన్నీళ్లు

రాజమండ్రి నుంచి నా స్నేహితుడి ఉత్తరం ఈ రోజు అందింది. అతను అక్కడ పేరున్న కవి. నేను గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద ఫిజీ వచ్చిన చెరుకు కూలీని. ఒక రష్యన్ రైతు పాటను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చే పని ఇద్దరం ఉత్తరాల మీదే నడుపుతున్నాం.

పోయినసారి మూలంలో లేని పాదం ఒకటి కలిపి పంపాను. "గట్టున బిడ్డ ఏడుస్తుంటే, చాళ్లలో తల్లి చనుబాలు మట్టిలో ఇంకాయి." అది మా కూలీల ఇళ్ల లైన్లలో పక్క గదిలో ఉండే నూకాలమ్మ కథ. ఆమె చెరుకు తోటలో పని చేస్తుండగా, పసిబిడ్డ నిరుడు గట్టు మీదే చనిపోయింది.

"తక్కినవన్నీ దిద్దాలి గానీ, ఆ ఒక్క పాదం చదివి ఏడ్చాను. అసలైన రష్యా అందులోనే ఉంది" అని రాశాడు. నూకాలమ్మ బిడ్డ సంగతే నిరుడు మామూలు ఉత్తరంలో రాస్తే, "సంతకం పెట్టి వెళ్లినవాడివి, ఓర్చుకోవాలి" అన్నాడు.

ఇంటి నుంచి ఎవరికి ఉత్తరం వచ్చినా లైన్లలో అందరికీ చదివి వినిపించాలి. పొయ్యి దగ్గర కూర్చుని నూకాలమ్మ కూడా విన్నది, ఉత్తరంలో అతను ఎత్తి రాసిన ఆ పాదంతో సహా.

"ఆ తల్లిది ఏ దేశం బాబూ?" అని అడిగింది.

"రష్యా."

"ఆయమ్మ పిల్లయినా బతికినాదా?"

పాట అక్కడితో అయిపోయిందని అబద్ధం చెప్పాను.

రేపు అతనికి జవాబు రాయాలి. ఇది చదివినవాళ్లు చెప్పండి, ఆ పాదం కొట్టేయమంటారా, పాట మీద ఉన్న రష్యా అన్న మాట కొట్టేయమంటారా?