దేవదానం కోసిన ఆఖరి బండ

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి యేడు. మాది ప్రొద్దుటూరు. జమ్మలమడుగు దగ్గర ఒక నాపరాళ్ల గనిలో సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. ఉత్తరాదిలో ఏదో మిలిటరీ అకాడమీకి ఒకే కప్పు కింద ఈతకొలను, కసరత్తు శాల కడుతున్నారు. కొలను గట్టున పరచడానికి పొడవాటి బండలు మా గని నుంచి పోవాలి. పగులు లేకుండా అంత పొడవు రావడం అరుదు.

ఆ పనికి దేవదానాన్ని పెట్టాను. పులివెందుల వైపు మనిషి, జమ్మలమడుగులో అత్తవారింట స్థిరపడ్డాడు. పొర చూసి గడ్డపార పెడితే బండ చెక్కుచెదరకుండా లేచేది. ఆ భవనం సంగతి చెబితే నమ్మలేదు.

"ఈతకు మిద్దె ఏందప్పా? ఈడ మనకు తాగను నీళ్లు ల్యాక చస్తాంటే."

ఒకరోజు ముసురుకు నానిన పైమట్టి విరిగి అతని మీద పడింది. తవ్వి తీసేసరికి ప్రాణం లేదు. అంతకుముందే లేపిన బండ పక్కనే ఉంది, దాని మీద గీత కూడా పడలేదు.

మట్టి చేశాక అతని భార్య సువార్తమ్మ గనికి వచ్చింది.

"మా ఇంటాయన ఆఖర్న కోసిన బండ ఇప్పియ్యప్పా. సమాధి మీద ఏసుకుంటా."

కంట్రాక్టరు ఒప్పుకోలేదు. "అది మిలిటరీ బండ. పగిలిందేదన్నా ఉంటే తీసకపొమ్మను" అన్నాడు.

మా పనిలో రిజెక్టు అని ఒకటుంది. సుత్తితో కొడితే మంచి బండ కంచులా మోగుతుంది, లోపల పగులున్నది బొంగురుగా పలుకుతుంది. అలాంటిదాని మీద ఎర్రరంగుతో అడ్డగీత గీసి పక్కకు నెట్టేస్తాం. ఆ నిర్ణయం నాది. దేవదానం బండను కొట్టి చూశాను. ఖంగుమంది. అయినా రంగు తెచ్చి గీత గీశాను. పగులుందని కంట్రాక్టరుకు చెప్పి, సువార్తమ్మకు కబురు పంపాను. మంచి పనే చేశాననుకున్నాను.

ఆమె ఎద్దులబండి కట్టించుకుని వచ్చింది. గీత చూసి ఆగిపోయింది.

"ఏందప్పా ఇది?"

"రిజెక్టు గుర్తమ్మా. నీకియ్యాలని పగులుందని చెప్పినా. రాయి శానా మంచిది."

ఆమె బండ పక్కన కూర్చుని, గులకరాయితో కొట్టి విన్నది. కళ్లు తుడుచుకుంది.

"ఆయన కోసిన బండకు పగులొచ్చిందని ఇంతవరకు ఒగరన్నా అన్నారా? సచ్చినాక నువ్వు అనిపిస్తాండావు."

"గీత తుడిచేద్దామమ్మా. ఎవురికీ తెలీదు."

"గనిలో అందురికీ తెలిసిపాయ గదప్పా. నాకొద్దు. యాడికి పోవాల్నో ఆడికే పోనీ."

కిరసనాయిలు అడిగి తీసుకుంది. కొంగు ముంచి ఆ ఎరుపంతా తనే రుద్ది తీసింది. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఎద్దులబండి ఖాళీగా వెనక్కి వెళ్లింది. బండ మంచిదేనని కంట్రాక్టరు ముందు ఒప్పుకుంటే నానా మాటలన్నాడు, పడ్డాను. అది యర్రగుంట్ల స్టేషన్లో వ్యాగనెక్కి వెళ్లిపోయింది.

ఇంకో బండ ఇస్తానన్నా ఆమె తీసుకోలేదు. నేను ఆ గని వదిలే నాటికీ దేవదానం సమాధి ఉత్త మట్టిదిబ్బే. పోయినవాడికి ఏదో ఒకటి చేయాలని మనకు ఆరాటంగా ఉంటుంది. కానీ మన జాలి తీరడానికి అతను జన్మంతా కాపాడుకున్న పేరును ఖర్చుపెట్టే హక్కు మనకు లేదు.