రెండు విమానాల మధ్య ఒక ఉలి

ఎదురుచూడటం నాకు చేతకాని పని. బస్సు కాస్త ఆలస్యమైతే తిట్టుకుంటూ నడిచి వెళ్ళిపోయే రకాన్ని. అలాంటిదాన్ని బేగంపేట విమానాశ్రయంలో ఉదయాన్నే దింపేసి, భువనేశ్వర్ విమానం సాయంత్రానికి గానీ లేదన్నారు. తొంభైల చివర్లో ఒక అక్టోబరు అది. బెంగుళూరులో ఒక సర్వే ఆఫీసులో కొత్తగా చేరాను, ఒరిస్సాలో ఫీల్డు పనికి వెళ్తున్నాను. నాతోపాటు దిగినవాళ్ళు పేపర్లు మొహాన కప్పుకుని కునుకు తీశారు. నేను పెట్టె సామాన్ల గదిలో పడేసి, సంచీ భుజాన వేసుకుని, ఆటో ఎక్కి తార్నాక అన్నాను.

ఆ రోజు మాత్రం నాకు విసుగు లేదు, ఆత్రం ఉంది. సంచీలో ఆఫీసు వాళ్ళ జీపీఎస్ మిషన్ ఉంది. చూడటానికి ఇటుకంత, పైన చిన్న కొమ్ము. కంటికి కనపడనంత ఎత్తున తిరిగే ఉపగ్రహాల మాట విని, మనం భూమ్మీద ఎక్కడ నిలబడ్డామో అక్షాంశం, రేఖాంశం అంకెల్లో చెబుతుంది. అప్పటికి దాన్ని చేతబట్టి నెల కూడా కాలేదు. ఎవరూ చూడనప్పుడు ఆఫీసు మేడ మీదకు తీసుకుపోయి, ఒక్కో ఉపగ్రహం పలుకుతుంటే నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఫోన్లో ఈ మిషన్ సంగతి చెప్పినప్పుడే నా స్నేహితురాలు, హైదరాబాదు మీదుగా ఎప్పుడు పోయినా సరే, దాన్ని తీసుకుని దిగమంది.

ఆమె తార్నాక చౌరస్తాలో చెరకురసం బండి పక్కన నిలబడి ఉంది. ఎమ్మెస్సీ జియాలజీ రెండేళ్ళూ నా రూమ్మేట్. ఇప్పుడు నిండు నెలలకు దగ్గర పడింది. నన్ను చూడగానే, "ఏం పంతులమ్మా, గింత సన్నగైనవేంది, బెంగుళూర్ల అన్నం పెడ్తలేరా?" అంది. మా అమ్మానాన్నా ఇద్దరూ గుంటూరు జిల్లాలో క్రైస్తవ మిషనరీ బడి టీచర్లు. అందుకని హాస్టల్లో చేరిన రోజే నాకు ఆ పేరు ఖాయం చేసింది.

"నువ్వేమో ఇద్దరి తిండీ ఒక్కదానివే తింటున్నావు," అన్నాను. ఆమె నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. రసం తాగకుండానే క్యాంపస్ వైపు నడిచాం.

మేం వెతకబోయేది ఒక బిస్కెట్ల డబ్బా. మా డిపార్ట్‌మెంట్‌లో అదొక ఆట. క్యాంపస్ బండల్లో ఎక్కడో ఒక సీనియర్ డబ్బా దాచేవాడు. ఆ చోటు అంకెలు మాత్రమే జూనియర్లకు చెప్పేవాడు. వాళ్ళు మ్యాపూ దిక్సూచీ పట్టుకుని, తంగేడు పొదల్లో గీరుకుపోతూ దాన్ని పట్టుకోవాలి. పట్టుకున్నవాళ్ళు అందులోంచి ఒకటి తీసుకుని ఒకటి పెట్టాలి. పెట్టేది ఉత్తుత్తి వస్తువు కాకూడదు, పోతే నిజంగా బాధపడేదై ఉండాలి. అప్పుడే డబ్బా మీద అందరికీ భయం, భక్తి ఉంటాయని మా నమ్మకం. తర్వాత ఎవరైనా వచ్చి, బదులు ఇంకోటి పెట్టి, తమ వస్తువు వెనక్కి తీసుకోవచ్చు.

మా ఏడాది నా స్నేహితురాలు అందులో వాళ్ళ నాయిన ఉలి పెట్టింది.

ఆయన మౌలాలి వైపు క్వారీల్లో జీవితమంతా రాళ్ళు కొట్టిన మనిషి. ఆ ఉలి ఆయనకు వాళ్ళ నాయిన ఇచ్చింది. వాళ్ళింట్లో బిడ్డ పుడితే తొట్టెల కింద ఇనుము పెట్టాలి, ఆ ఇనుము ఆ ఉలే కావాలి. నా స్నేహితురాలు, ఆమె తమ్ముళ్ళు, అందరూ దాని మీద నిద్రపోయినవాళ్ళే. కూతురికి యూనివర్సిటీలో సీటు వచ్చిందని తెలిసిన రోజు ఆయన దాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టాడట. "నేను రాళ్ళు పగలగొట్టిన. నువ్వు రాళ్ళ సంగతేందో అర్సుకో" అన్నాడట. ఆమెకు అంతకంటే విలువైంది ఇంకోటి లేదు, అందుకే డబ్బాలో అదే పెట్టింది.

మరుసటేడు డబ్బా ఒక జూనియర్ చేతికి చిక్కింది. వాడు దాన్ని ఉలితో సహా కొత్త చోట దాచి, అంకెలు చెప్పి, సముద్రం అడుగు సర్వే చేసే ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అది ఎవరికీ దొరకలేదు. ఆట కూడా అంతటితో ఆగిపోయింది.

"నాయిన దినాం అడుగుతుండు," అంది ఆమె నడుస్తూ. "ఊపిరితిత్తుల నిండ దుమ్మేనంట. డాక్టర్ నాతోని చెప్పిండు, ఆయనతోని చెప్పలే. నాలుగు మాటలంటె దమ్మొస్తది. గా నాలుగు మాటలల్ల ఉలి ముచ్చటనే ఉంటది. మనుమడో మనుమరాలో, నా చేతుల్తోని తొట్టెల కింద పెడ్త అంటడు. డిపార్ట్‌మెంట్ల భద్రంగ ఉన్నదని చెప్పుకుంట ఒస్తున్న."

పొట్ట మీద చెయ్యి వేసుకుని నడుస్తున్న ఆమె పక్కనే, సంచీలోంచి మిషన్ తీసి ఆన్ చేశాను.

అంకెలు ఆమెకు నోటికి వచ్చు. ఆమె చెప్పింది, నేను మిషన్లోకి ఎక్కించాను. బాణం గుర్తు వెలిగింది. దాని వెంట పోతే, మగపిల్లల హాస్టల్ వెనక బట్టలు ఉతికే చోట తేలాం. తీగల మీద లుంగీలు, బనియన్లు. రాయి అన్నది ఏదైనా ఉంటే అది చాకిరేవు బండే. పళ్ళు తోముకుంటున్న కుర్రాడొకడు మమ్మల్ని చూసి గదిలోకి పరుగెత్తాడు.

"నేను మ్యాప్ మీద పెట్టి చూస్తె గూడ గీడికే ఒచ్చింది," అంది ఆమె. "నాలుగు సార్లొచ్చిన. వాచ్‌మన్‌కు నా మొఖం యాదైపోయింది. గా పోరనిది కోతి బుద్ధి గద, కావాలని గీడ పాతిపెట్టిండేమో అనుకున్న. గడ్డపార తెచ్చి తవ్విస్తనంటె వార్డెన్ ఒప్పుకుంటలేడు."

మ్యాపూ మిషనూ ఒకే మాట చెప్పాయి. ఇక నాకు తోచిన దారి లేదు. నాకు చికాకు ముందొస్తుంది, ఆలోచన తర్వాతొస్తుంది. ఆ జూనియర్‌ను నా జిల్లా భాషలో నాలుగు తిట్టాను. తిడుతుంటే ఆమె కూడా కలిసింది.

"పోయేముందుగాల ఎంత షోకు చేసిండో తెల్సా? డిపార్ట్‌మెంట్‌కు కొత్త మిషనొచ్చిందని మెడల ఏస్కొని క్యాంటీన్‌కు గూడ దానితోనే పోయిండు."

తిట్టు నా నోట్లోనే ఆగిపోయింది. "ఏ మిషన్?"

"నీ చేతుల ఉన్నది గదే, గసొంటిదే."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వాడు ఆ అంకెలు మ్యాపు చూసి చెప్పలేదు. ఆకాశాన్ని అడిగి చెప్పాడు.

ఈ సంగతి మా వృత్తివాళ్ళకే అర్థమయ్యే తలనొప్పి, అయినా సులువుగానే చెబుతాను. మా మ్యాపులు తెల్లదొరల కాలంలో మొదలైనవి. వాళ్ళు భూమి ఆకారాన్ని ఈ దేశానికి సరిపోయేట్టు లెక్క వేసుకుని, ఆ లెక్క మీద గీతలు గీశారు. ఉపగ్రహాలది ఇంకో లెక్క, మొత్తం భూగోళానికి సరిపోయేది. రెండూ తప్పు కాదు. కానీ ఒకే అంకె ఒకదాంట్లో ఇక్కడ పడితే రెండోదాంట్లో వీధి అవతల పడుతుంది. మా ఆఫీసు వాళ్ళు మిషన్‌ను మ్యాపులతో కలిసేలా పాత లెక్కకు తిప్పి పెట్టారు. జూనియర్ చెప్పిన అంకెలేమో ఉపగ్రహాల లెక్కవి, అందుకే మా మిషన్ కూడా మ్యాపుతో పాటే తప్పింది. చదువుకోని మనిషెవరైనా అయితే బండలన్నీ ఒకసారి గాలించి ఉండేవాడు. మేం మ్యాపు తెలిసినవాళ్ళం కాబట్టి చాకిరేవు వదల్లేదు.

లెక్క మార్చాను. తెర ఒకసారి ఖాళీ అయి, మళ్ళీ వెలిగింది. బాణం పక్కకు తిరిగింది. హాస్టల్ దాటి, రోడ్డు దాటి, మాణికేశ్వర్ నగర్ వైపు బండల్లోకి చూపించింది.

ఆమె ముందు నడిచింది.

వానలు అప్పుడే వెళ్ళాయి. నడుమెత్తు గడ్డి, అందులో పచ్చగా తంగేడు పూలు, పగలబోతున్న సీతాఫలాలు. వాటి మధ్య మా పాత బండలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టు. రెండేళ్ళు వాటి మీద కూర్చుని చదువుకున్నాను, వేరుసెనక్కాయలు తిన్నాను. వాటి వయసు రెండువందల యాభై కోట్ల ఏళ్ళని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ రోజే మొదటిసారి ఆ మాట ఒంటికి తగిలింది. చేపలు లేవు, చెట్టు లేదు, ఎముక అన్నదే ఇంకా పుట్టలేదు, అప్పటికే ఈ బండ ఉంది. దాని మీద అరిచేయి పెట్టాను. ఎండకు వెచ్చగా ఉంది.

ఆ రోజుల్లో మిషన్ కచ్చితంగా ఒకచోట నిలిచేది కాదు. ఆ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి, బయటివాళ్ళకు కావాలని కాస్త మసక చేసి వదిలేవాళ్ళు. మేం కదలకుండా నిలబడినా, తెర మీద మేం అటూ ఇటూ తిరుగుతున్నట్టు చూపేది. అందుకని ఆమెను ఒక చదును బండ మీద కూర్చోబెట్టి, మిషన్ ఆమె చేతికిచ్చి, అంకెలు ఎక్కువసేపు ఎక్కడ తచ్చాడుతున్నాయో చూసి చెప్పమన్నాను. ఆమె దాన్ని పొట్ట మీద ఆనించుకుని, తల వంచి అంకెలు చదివింది. నేను చీర కొంగు దోపుకుని రాళ్ళ సందుల్లో పాకాను.

ఒకసారి తిరిగి చూశాను. కింద అంత పాత రాయి. పైన కనపడకుండా తిరిగే ఆ లోహపు చుక్కలు. మధ్యలో ఇంకా కళ్ళు తెరవని బిడ్డ. వాళ్ళమ్మ పెదవులు కదుపుతూ అంకెలు చెబుతోంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆదివారం గుడిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా నాకు అంత భయభక్తులు కలగలేదు. మా నాన్న వింటే ఏమనుకునేవారో గానీ, నిజం అదే.

డబ్బా, గొడుగులా ముందుకు వాలిన ఒక బండ కింద, చిన్న రాళ్ళ వెనక ఉంది. మూత తుప్పు పట్టి రాలేదు. రాయితో కొట్టాను. లోపల ఎవరిదో ఈల, గాజు గోళీ, పాలిథిన్ కవరులో చుట్టిన ఉలి.

"దొరికింది," అన్నాను. ఆమె లేవలేదు. మిషన్ పక్కన పెట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఆట నియమం ప్రకారం ఉలికి బదులు, రాళ్ళు చూసే నా భూతద్దం డబ్బాలో పెట్టి, మళ్ళీ అదే బండ కింద దాచాను.

అక్కణ్ణించి చూస్తే వాళ్ళ నాయిన ఉండే బస్తీ రేకుల కప్పులు కనిపిస్తున్నాయి. నడిచే వెళ్ళాం. ఆయన గుమ్మం లోపల మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నా కంటే సన్నటి చేతులు. ఆమె ఉలి చేతిలో పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని, బొటనవేలితో దాని మొన నుంచి తలదాకా తడిమాడు.

"గింత కాలం... ఏడుండె బిడ్డా?"

ఇక అబద్ధం ఆడలేకపోయింది. "బండ కింద నాయినా. క్యాంపస్ల."

ఆయన తిడతాడనుకున్నాను. ఆయన పెదవులు విచ్చుకున్నాయి. "బండ కిందనేనా? మరి ఇంటికాడ ఉన్నట్టే గద."

ఎలా దొరికిందని అడిగితే మిషన్ చూపించాను. పైనున్న ఉపగ్రహాలు మాట్లాడితే ఇది వింటుంది బాబాయ్ అన్నాను. ఆయన ఒక చేతిలో ఉలి, ఒక చేతిలో మిషన్ పట్టుకుని చాలాసేపు చూశాడు. రేకుల కింద దానికి ఆకాశం అందక, అంకెలు ఒక్కొక్కటే మాయమై, తెర మీద గీతలు మిగిలాయి.

"దీన్ని బయటికి తీస్కపో బిడ్డా," అన్నాడు ఆయన, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ. "పాపం... దీనికి ఊపిరాడ్తలేదు."

నేను మిషన్ తీసుకుని బయటికి వచ్చేశాను. వాకిట్లో నిలబడితే అంకెలు మళ్ళీ వచ్చాయి, నాకు కళ్ళు మసకబారి అవి కనపడలేదు.

సాయంత్రం విమానం లేచినప్పుడు కిటికీకి మొహం ఆనించి ఆ బండల కోసం వెతికాను. గుర్తు పట్టలేకపోయాను.

ఒరిస్సా నుంచి తిరిగొచ్చిన కొద్ది రోజులకు ఆఫీసుకు ఆమె ఫోన్ వచ్చింది. ఆడపిల్లట. తొట్టెలలో వేసిన రోజు కింద ఉలి ఎవరు పెట్టారని అడిగాను.

"నాయిననే," అంది. "మంచం దిగి వంగేదానికి ఎంతసేపు పట్టిందో. నడుమ నడుమ దమ్ము తీస్కుంటానికి ఆగిండు. గానీ ఎవ్వర్ని ముట్టనియ్యలే."