మత్తడి నీళ్లు పోయే చోటు

ఆటుపోట్లకు కారణం చంద్రుడి ఆకర్షణ అని జనగామలో ఒక జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. బోర్డు మీద భూమిని, చంద్రుడిని గీసి, బాణం గుర్తులు పెట్టి మరీ చెప్పాను. సముద్రాన్ని మాత్రం చూడలేదు. పిల్లలు అడగలేదు కాబట్టి ఆ సంగతి నేనూ ఎత్తలేదు.

రిటైరయ్యాక మా ఆవిడ ఒకే ఒక్క కోరిక కోరింది.

"కృష్ణ సముద్రంల కలిసే కాడికి తోల్కపో."

ఆమెది నెల్లికుదురు దగ్గర ఊరు. వాళ్ల నాయన ఆ ఊరి నీరటి. చెరువు తూము లేపడం, దించడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం ఆయన పని. చెరువు నిండి, మిగులు నీళ్లు మత్తడి మీంచి దుంకిన రోజు కూతుర్ని కట్ట మీద నిలబెట్టి, ఈ నీళ్లు ఆకేరులో పడతాయి, అక్కణ్నుంచి మున్నేరు, ఆపైన కృష్ణ, ఆఖరికి సముద్రం అని చెప్పేవాడట. ఆయన మాత్రం మహబూబాబాద్ దాటి ఎరుగడు. దారంతా తెలుసు, చివర చూడలేదు. ఆ చివర చూడాలని ఈమె పట్టు.

ఫోన్లో ఒక పడవ విహారం ప్రకటన దొరికింది. సముద్రపు పాయల్లో తీరికగా ఒక రోజు, రెండు చారిత్రక రేవులు, మధ్యాహ్న భోజనం, చివరగా నదీ సాగర సంగమం. దంపతులకు ప్రత్యేకం అని కూడా ఉంది. మేము దంపతులమే. రైలెక్కాం. ఖమ్మం దగ్గర మున్నేరు కనబడగానే ఆమె కిటికీలోంచి వేలు చూపించి, "గవి మన నీళ్లే" అంది, ఎదుటి సీటాయన ఏమైనా అభ్యంతరం చెబుతాడేమో అన్నట్టు.

పడవలో మాతో కలిపి పదిహేను జంటలు. మైకు పట్టుకుని ఒక గైడు. మొదటి చారిత్రక రేవు దూరంగా సర్కారు తుమ్మల్లో ఒక విరిగిన గోడ. గోల్కొండ కాలంలో ఇక్కడి నుంచి నేత బట్టలు ఓడలకెక్కి దేశదేశాలు వెళ్లాయని గైడు చెప్పి, వెంటనే పాట పెట్టాడు. రెండో రేవు ఇంకా పొదుపుగా ఉంది. "ఎడమ వైపు చూడండి, అక్కడ ఉండేది" అన్నాడు. అందరం చూశాం. ఒక గుంజ, దాని మీద కాకి.

పాట అయిపోయాక మా ఆవిడ అడిగింది. "తమ్మీ, గా బట్టలు యాడికెళ్లి వచ్చేటియి?"

న్యాయమైన ప్రశ్న. కొడకండ్లలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన నాకు కూడా రాని ప్రశ్న. గైడు మైకు నోటి దగ్గర పెట్టుకుని, సినిమాల్లో నేర్చిన గొంతుతో, "అక్కా, గిది మీ దిక్కు చెరువు గాదే, సముద్రం. జర పైలం" అన్నాడు. పడవంతా నవ్వింది. బట్టలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరికీ అక్కర్లేకపోయింది.

నేను కూడా నవ్వాను. అది ఇప్పటికీ మింగుడు పడదు. అంతటితో ఆగలేదు, ఆ తర్వాత వాళ్లతో మాట్లాడిన ప్రతి మాటా పాఠ్యపుస్తకంలోది తీసి మాట్లాడాను.

భోజనానికి పడవను మడ చెట్ల మధ్య ఒక ఇరుకు కాలువలో ఆపారు. తిన్నాక జంటలు ఫోటోలకు వరస కట్టాయి. మా ఆవిడ ఫోటోల వైపు చూడలేదు. చెట్ల వేర్ల వైపు చూస్తోంది. కాసేపటికి నా దగ్గరికొచ్చింది.

"ఇంటున్నవా. నీళ్లు గుంజుతున్నయి. ఆ వేర్ల మీద తడి జూడు, జానెడు దిగినయి. ఇంకో గంట గిట్లనే ఉంటె పడవ కదలది. జెప్పు వాళ్లకు."

"ఊకో," అన్నాను. "వాళ్లకు తెల్వదా? మళ్ల నవ్వుతరు."

ఆమె నన్ను ఒక్క చూపు చూసి, తనే వెళ్లి చెప్పింది. గైడు మైకు తీసుకున్నాడు. "మన తెలంగాణ అక్క చెప్తోందండీ, ఎవలో తూము లేపిండ్రంట." మళ్లీ నవ్వు. పడవ నడిపే సరంగు ఒక్కడే నవ్వలేదు. వంగి నీళ్లు చూసి, "ఆవిడ చెప్పింది నిజవేనండి, పాటు తీస్తంది, బయల్దేరదాం" అన్నాడు. "ఫోటోలు అవనివ్వవయ్యా" అన్నాడు గైడు.

ఫోటోలు అయ్యాయి. ఇంజను మొదలుపెడితే పడవ ఒకసారి మూలిగి బురదలో కూర్చుంది. మూడు గంటలు కూర్చుంది. ఒక పక్కకు ఒరిగి కూర్చోవడం వల్ల మేమంతా ఒకరి మీదకొకరు జారుతూ, విహారం బాగా సన్నిహితంగా జరిగింది. ఇది అనుకోని ప్రకృతి వైపరీత్యమని గైడు మైకులో ప్రకటించాడు. రోజుకు రెండుసార్లు, సముద్రం పుట్టినప్పటి నుంచీ వస్తున్న వైపరీత్యం. దాని మీద నేను ఏటా నాలుగు మార్కుల ప్రశ్న ఇచ్చేవాణ్ని. ఆ రోజు జవాబు రాసింది ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. ఆమెను నోరు మూసుకోమన్నది పరీక్షాధికారి.

సాయంత్రం నీళ్లొచ్చి పడవ లేచింది. సంగమం రద్దు, నేరుగా వెనక్కి అన్నాడు గైడు. మా ఆవిడ సంచి ఒళ్లో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. నేను లేచి నిలబడ్డాను.

"అయ్యా, తమరి ప్రకటనలో పేర్కొన్న విధంగా సంగమ స్థలమును దర్శింపజేయవలసి యున్నది."

ఆమె నా అంగీ పట్టి గుంజింది. "గిట్ల అడిగితె ఎవలింటరు? మనింట్ల కొట్లాడినట్టు అడుగు."

అడిగాను. "ఏందయ్యా, కలిసే కాడికి తీస్కపోతమని రాసినవా లేదా? పొద్దటిసంది మా మాటలకు నవ్వుడే సరిపాయె. ఆమె జెప్పింది ఇంటె గీ బురదల కూసునేటోళ్లమా? ఆమె దానికోసమే వచ్చింది. నీ పాటల కోసం రాలే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరూ మావైపు మాట్లాడనూ లేదు. వెలుగు తగ్గింది, ఇప్పుడు అటు పోతే ప్రమాదమని సరంగు నెమ్మదిగా చెప్పాడు. ఆయన చెప్పాడు కాబట్టి కూర్చున్నాను. లేకపోతే ఇంకా నిలబడే ఉండేవాణ్ని.

రేవులో దిగేటప్పుడు సరంగు మా ఆవిడ దగ్గరికొచ్చాడు. "రేపు పొద్దున్నే ఆరింటికి నా చిన్న పడవుందండమ్మా. పోటు ఎక్కుతా ఉంటది. తీసుకెళ్తాను."

మర్నాడు వెళ్లాం. మైకు లేదు. ఒక చోట గోధుమ రంగు నీళ్లు, పచ్చటి నీళ్లు పక్కపక్కన నడిచి, కాస్త దూరంలో కలిసిపోతున్నాయి. ఆమె చెయ్యి ముంచి నాలుక మీద ఒక చుక్క వేసుకుని, వెంటనే ఉమ్మేసింది.

"ఉప్పు. బాపు గీ ముచ్చట చెప్పలే."

తర్వాత చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, మా బోరు దగ్గర పైపు కారితే చూసే చూపు.

"గిన్ని నీళ్లు. సూసుకునెటందుకు ఒక్క నీరటి లేడు."

"చంద్రుడున్నడు గద," అన్నాను.

"ఆయన టైముకే దించిండు నిన్న," అంది నీళ్ల మీదినుంచి చూపు తిప్పకుండా. "జెప్తె ఊకో అన్నది నువ్వు."