అవ్వ సున్నం కొట్టిన రాళ్ల కుప్ప

మా చిన్నప్పుడు... పొద్దున పూట లింగంపేట దిక్కు ఆకాశంలో గుర్రుమని చప్పుడు వినబడితే పిల్లలమంతా మక్క చేన్లలోకి ఉరికేవాళ్లం. రెండు సీట్ల చిన్న విమానాలు... ఎంత కిందికి వచ్చేవంటే, లోపలి మనిషి టోపీ కూడా కనబడేది. సరిగ్గా మా చేను మీదికి వచ్చి ఎడమ పక్కకు ఒరిగి తిరిగి పోయేవి. అట్లా ఒరిగినప్పుడు నా గుండె కూడా దాంతో పాటే ఒరిగేది!

మా అవ్వకు మాత్రం ఆ చప్పుడంటే కడుపు మంట. అవ్వ అంటే బాపు వాళ్లమ్మ, నర్సవ్వ. చేను గట్టు మీద కూర్చొని బీడీలు చుట్టేది. విమానం వచ్చిందంటే ఒళ్లో ఉన్న చేటను పక్కకు పెట్టి, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని, అది కనబడకుండా పోయేదాకా చూసేది.

"ఉత్తగ తిరుగుతదానే అది? జాగ జూస్తున్నది" అనేది నాతో.

అవ్వ అనుమానం ఉత్త పుణ్యానికి పుట్టింది కాదు. బిచ్కుంద దాటి, సరిహద్దు అవతల ఎక్కడో ఆమె పుట్టిన ఊరు. నిజాం కాలంలో పెద్ద లడాయి నడుస్తుంటే విమానాలు దిగడానికి అక్కడ జాగా చదును చేశారట. చేన్లు పోయాయి, ఇండ్లు పోయాయి, అప్పటికి పదేండ్ల పిల్ల అయిన ఆమెను వెంటబెట్టుకొని వాళ్ల బాపు ఇటు దిక్కు వచ్చేశాడట. లడాయి అయిపోయాక కొన్నేండ్లు అక్కడ గడ్డి మొలిచిందట. తర్వాత మళ్లీ తెరిచి, విమానం నడపడం నేర్పే బడి పెట్టారు. ఇంత చెప్పింది మా బాపు. అవ్వ చెప్పేది మాత్రం ఒక్కటే...

"మొదలు విమానమొచ్చి జూస్తది. ఎనుక భూమి కొలిచే గొలుసు పట్టుకొని మనిషొస్తడు. ఆ ఎనుక డప్పు సాటింపు. నేను కండ్లార జూసిన."

అందుకని ఏం చేసిందో తెలుసా... మా చేను నడుమ రాళ్లు కుప్ప పోసింది! విమానం దిగడానికి రాకుండా. అంతటితో ఊరుకోలేదు. దసరాకు గోడలకు కొట్టగా మిగిలిన సున్నం తెచ్చి ఆ కుప్పకు కొట్టింది. పైనున్నవాడికి రాళ్లున్నాయని తెలియాలి కదా మరి! నాగలి కట్టినప్పుడల్లా బాపు ఆ కుప్ప చుట్టూ తిరగలేక తిట్టుకునేవాడు. "అనుమానం పెనుభూతం అంటరు... మా అవ్వను జూసే అన్నరేమో!" అనేవాడు.

సున్నం కొట్టిన కాడి నుంచి విమానాలు తగ్గాలి కదా... ఇంకా ఎక్కువయ్యాయి. నాకు పండుగ. అవ్వకు నిద్ర లేదు.

ఒకరోజు ఎల్లారెడ్డి తోవలో పోతున్న జీపు మా చేను దగ్గర ఆగింది. నీలం బట్టల్లో ఇద్దరు దిగారు. ఒకాయనది ఆంధ్ర మాట.

"మామ్మగారూ, ఈ తెల్ల కుప్ప మీదేనా అండీ? పైనుంచి మా కుర్రాళ్లకి ఇదే గుర్తు. దీన్ని చూసుకునే ఎడమకి తిరుగుతారు. తీసెయ్యకండే! ఏటా సున్నం కొట్టించండి."

అవ్వ ఒళ్లోని చేటను పక్కకు పెట్టింది. ఏది రావద్దని కొట్టిందో దాన్ని తనే పిలిచింది! అయినా బయటపడలేదు. నెమ్మదిగా అడిగింది.

"మీ విమానాల జాగల రాతి మెట్ల బాయి ఒకటి ఉండాలె బిడ్డా... ఉన్నదా?"

"ఉందండీ, ఇప్పటికీ ఉంది."

"నీళ్లెట్లున్నయ్?"

"కొబ్బరినీళ్లే అనుకోండి మామ్మగారూ, అంత తీపి!"

అవ్వ నవ్వింది. ఇద్దరికీ చెరో నాలుగు మక్క కంకులు ఇచ్చి సాగనంపింది. పోనీలే, అవ్వ మెత్తబడింది, ఇక నా విమానాలకు ఢోకా లేదనుకున్నాను. జీపు మలుపు తిరిగిందో లేదో కొంగు నడుముకు చెక్కింది.

"అబద్ధం! గా బాయి నీళ్లల్ల పప్పే ఉడుకకపోతుండె. మా అవ్వ దినాం తిట్టుకుంట పొయ్యి ఊదుతుండె. తీపట తీపి! నీళ్ల మీద అబద్ధమాడినోడు భూమి మీద ఆడడా?"

పేడ, ఎర్రమన్ను కలిపి, పొద్దు గూకేలోపు ఆ కుప్పనంతా అలికేసింది. నేను కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ ఏడ్చాను. "ఏడిస్తె ఏడువు బిడ్డా... చేనుంటది" అంది.

కొన్నాళ్లు విమానాలు వెతుక్కున్నట్టు అటూ ఇటూ తిరిగాయి... తర్వాత మా మీదికి రావడమే మానేశాయి. చేను అడగడానికి ఎవరూ రాలేదు. జీపులో వచ్చినాయన పాపం, ముసలామె సంతోషపడుతుందని నీళ్లు తీపి అన్నాడేమో... అవ్వ లేదిప్పుడు, ఉన్నా ఒప్పుకునేది కాదు. ఆమె మీద కోపం మాత్రం నాకు చాలా ఏండ్లు పోలేదు.

మొన్న కామారెడ్డి నుంచి చేను చూద్దామని పోయాను. ఒక పిల్లగాడు డ్రోన్ ఎగరేస్తున్నాడు. చేను కొలతల కోసమట, కొలిచాక హద్దురాయి పాతుతారట. "టెన్షన్ వద్దు మేడమ్, అంత మీ మంచికే" అన్నాడు. అది గుర్రుమంటూ చేను నడుమ రాళ్ల మీదికి పోయి ఆగింది. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"మా బోరు నీళ్లు తాగినవా తమ్మీ? ఎట్లున్నయ్?"

"సూపర్ మేడమ్, మస్తు తియ్యగున్నయ్!"

ఆ బోరు ఎండిపోయి రెండేండ్లు.

ఆ పూట హద్దురాయి పాతనివ్వలేదు నేను. అప్పుడు విమానం వస్తే ఊరంతా తలెత్తి చూసేది... ఇప్పుడు నెత్తి మీద ఏం తిరుగుతున్నా ఎవరూ తల ఎత్తరు. మీ ఇంట్లోనూ ఇట్లా ఒక్క మాట అడిగి మనిషిని తూచే అవ్వ ఉండేదా? ఏం అడిగేదో చెప్పండి... నాకిప్పుడు అవసరం పడుతున్నది.