జులై ఒకటిన పుట్టిన స్టేషన్ వ్యాగన్

పాత అమెరికన్ స్టేషన్ వ్యాగన్ అనే పొడుగాటి కారు బానెట్ ఎత్తితే, ఇంజన్ పక్కన ఓ వారగా, అరచేతిలో సగం ఉండే రేకుముక్క ఒకటి కనిపిస్తుంది. దాని మీద అంకెలూ అక్షరాలూ నాలుగైదు వరసల్లో గుద్ది ఉంటాయి. దాన్ని డేటా ప్లేటు అంటారు. బండి ఏ రంగు వేసుకుని లోకంలోకి వచ్చింది, ఇంజన్ ఎంత, సీటుకి తొడిగింది గుడ్డా రెక్సినా, వెనక మూడో సీటు ఉందా లేదా, అన్నీ అందులోనే. కాకపోతే కొన్ని కంపెనీల రేకుల్ని కింది వరసతో మొదలుపెట్టి పైకి చదువుకుంటూ పోవాలి. ఈ ఒక్క నియమం తెలియక ఆస్ట్రేలియా ఖండంలో ఎందరో మగవాళ్ళు తమ బండి గురించి తలకిందులైన అభిప్రాయాలతో బతుకుతున్నారు. వాళ్ళ ఉద్ధరణ కోసం సిడ్నీ శివార్లలో పెండిల్ హిల్‌లో ద్వారకానాథ్ గారు ఉన్నారు.

ఆయన వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో పాతికేళ్ళకు పైగా రేడియాలజిస్టుగా చేసి రిటైరయ్యారు. రేడియాలజిస్టు అంటే రోగి మొహం చూడకుండా రోగి పేగులు చూసే డాక్టరు. చూసిందే రాయాలి, చూడనిది రాయకూడదు, అనుమానంగా ఉంటే 'అయి ఉండవచ్చు' అనాలి. సిడ్నీలో రెండంతస్తుల ఇల్లు 'అయి ఉండవచ్చు' అన్న మాట మీద కట్టినవారు మా ఎరుకలో ఆయనొక్కరే.

ఈ రేకుల విద్య ఎలా పట్టుబడిందంటే, ఓ ఆదివారం పక్కింటాయన తన పాత బండి ప్లేటు ఫోటో తెచ్చి, "డాక్, నువ్వు నల్లటి ఫిల్ముల్లో మచ్చలు కనిపెడతావుగా, దీని సంగతేమిటో చూడు" అన్నాడు. చూశారు. ఆ చూడ్డం ఇంకా అవలేదు. ఇప్పుడు పెర్త్ నించీ, డబ్బో అనే ఊరి నించీ ఫోటోలు వస్తాయి. ఈయన ఒక్కోదానికీ ఆసుపత్రి పద్ధతిలో రిపోర్టు రాసి పంపుతారు. 'పరిశీలన: పుట్టుకతో రంగు తెలుపు. ప్రస్తుతం కనిపిస్తున్న ఎరుపు తదుపరి సోకినది. అభిప్రాయం: బండి ఆరోగ్యకరం, యజమాని అతిశయోక్తిపరుడు.' ఒకసారి ఒకాయన బండికి వేరే బండి ప్లేటు బిగించి ఉందని, స్క్రూల చుట్టూ ఉన్న గీతల్ని చూసి కనిపెట్టారు. "కొంచెం మెత్తగా రాయండి డాక్టర్, అమ్మకానికి పెట్టాను" అని ఆయన బతిమాలాడు. ద్వారకానాథ్ గారు మెత్తగానే రాశారు. 'క్షమించాలి' అని మొదలుపెట్టి, ఉన్నమాట రాశారు.

ఇంత చేసినా ఆయనకి సొంతంగా స్టేషన్ వ్యాగన్ లేదు. దానికి కారణం గ్యారేజీ. ఆ గ్యారేజీలో రెండో ఫ్రిజ్జు, ఆవకాయ జాడీలు, అమ్మాయి తన్మయి యూనివర్సిటీకి వెళ్తూ వదిలేసిన అట్టపెట్టెలు, చలికాలంలో లోపలికి చేరి ఎండలొచ్చినా బయటికి కదలని తులసి కుండీలు ఉన్నాయి. ఈ సంస్థానానికి అధిపతి ఆయన భార్య విద్యావతి గారు. ఆవిడ ఫార్మసిస్టు. మందు ఎంత మోతాదులో మంచిదో, ఎక్కడ విషమవుతుందో తెలిసిన మనిషి. భర్త సరదాని రేకుల ఫోటోల మోతాదు దగ్గర ఆపేశారు.

మొన్న మార్చిలో మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్ నించి చందు అనే కుర్రాడు ఫోటో పంపాడు. వరంగల్ వాడు, మెల్‌బోర్న్‌లో ఐటీ. లాక్‌డౌన్ రోజుల్లో అందరూ రొట్టెలు చేయడం నేర్చుకుంటే ఇతను ఆవేశపడి ఓ ప్లిమత్ కంపెనీ వ్యాగన్ కొన్నాడు. అరవైతొమ్మిది మోడలు, పక్కలకి చెక్కలా కనిపించే స్టిక్కరు, ఓడంత పొడుగు. ఇప్పుడు అమ్మేస్తున్నాడు.

"ఎందుకమ్మా అమ్మడం?" అని ఈయన ఫోన్లో అడిగారు.

"మా శ్రీదివ్య ఒక్కటే మాట అన్నది అంకుల్. గ్యారేజ్‌ల బండన్న ఉంటది, నేనన్న ఉంట అని. రెండు రోజులు ఆలోచించిన."

"రెండు రోజులా!"

"గదే ఇప్పుడు ఇంకో ప్రాబ్లం అయింది అంకుల్."

ద్వారకానాథ్ గారు డైనింగ్ టేబుల్ దగ్గర కళ్ళజోడు సర్దుకుని, ఫోటో పెద్దది చేసి, కింది వరస నించి చదువుకుంటూ వచ్చారు. ఇంజన్. గేరు. రంగు. సీటు. తర్వాత తేదీ చెప్పే మూడంకెలు. ఏడు, సున్నా, ఒకటి. ఏడో నెల ఒకటో తారీఖు. జులై ఒకటి, పంతొమ్మిది వందల అరవై తొమ్మిది.

ఆయన చేతిలో ఇడ్లీ చట్నీలో పడింది. అది విద్యావతి గారి పుట్టినతేదీ. రోజుతో సహా, ఏడాదితో సహా.

ఇన్నేళ్ళుగా తను పరాయి బండ్లకి చేసిన సేవకి విధి పంపిన ప్రతిఫలం ఇదేనని ఆయనకి అర్థమైపోయింది. ఇలాంటి బండిని కాదనడం ఏ భార్యకైనా సాధ్యమా? ఫోను పట్టుకుని వంటింట్లోకి నడిచారు, పెళ్ళిచూపులనాడు కూడా అంత ధైర్యంగా నడవలేదు.

"విద్యా, ఇది చూడు. నువ్వు పుట్టిన రోజునే డెట్రాయిట్ వైపు ఓ బండి పుట్టింది. ఇది మనింటికి రావాలని రాసిపెట్టి ఉంది."

విద్యావతి గారు పోపు గిన్నె దించి, చేయి తుడుచుకుని, చూశారు. "జులై ఒకటా?"

"జులై ఒకటే!"

"నేను జులై ఒకటిన పుట్టలేదండీ."

ద్వారకానాథ్ గారు ఫోటోని ఇంకాస్త పెద్దది చేశారు.

"పాస్‌పోర్ట్‌లో ఉందిగా?"

"పాస్‌పోర్ట్‌కి మా హెడ్‌మాస్టరు గారు చెప్పారు. మా క్లాసులో పదహారు మందిమి జులై ఒకటినే పుట్టాం. ఆయన కలం చేతిలో ఉన్న రోజు అది."

"మరి ఇన్నేళ్ళుగా కేకు కోస్తున్నావుగా!"

"మీరు తెచ్చారు, కోశాను. కేకు ఏం పాపం చేసింది?"

"అయితే నువ్వు పుట్టింది..."

"క్షీరాబ్ది ద్వాదశి. కార్తీకంలో. ఆ ముందు ఏడాది." ఆవిడ మళ్ళీ పొయ్యి వెలిగించారు. "ఏటా ఆ రోజు తులసి పూజ చేసి పరమాన్నం పెడతాను. 'ఏమిటివాళ విశేషం' అంటారు మీరు. 'ద్వాదశి' అంటాను. 'ఓహో' అని రెండోసారి వేయించుకుంటారు."

సెలవలకి ఇంటికొచ్చిన తన్మయి ఫ్రిజ్జు తలుపు వెనక నించి, "డాడ్, ఐ న్యూ దిస్ ఇన్ ఇయర్ టూ" అంది. రెండో క్లాసులోనే తెలుసట.

"జాతకాలు చూసే చేశారు కదా మన పెళ్ళి!" అన్నారాయన, చివరి ప్రయత్నంగా.

"మా నాన్నా మీ నాన్నా చూశారు. మీరు పీజీ ఎంట్రన్సు పుస్తకం చూస్తున్నారు." ఆవిడ గరిటె తిప్పుతూ, కోపం కూడా లేకుండా అన్నారు: "ఈ దేశంలో ప్రతి డొక్కు బండీ ఎప్పుడు పుట్టిందో మీకు తెలుసు."

వాదం అక్కడితో అయిపోయింది. రేడియాలజిస్టు తన ఎక్స్-రే తనే చూసుకున్నట్టయింది. ఆయన గ్యారేజీలోకి వెళ్ళి ఆవకాయ జాడీల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నారు.

కూర్చుని ఊరుకుంటే సరిపోయేది. కానీ సాయంత్రం చందు మళ్ళీ ఫోన్ చేశాడు. ఎవరో బేరానికి వచ్చాడట. శనివారం వచ్చి తీసుకుపోతాడట. "మంచోడే అంకుల్. కాకపోతే బండిని నడుమకి కోసి, వెనక భాగంల కాఫీ షాప్ పెడతడట."

"కోసా?"

"మార్కెట్లకి మస్తుగుంటదంటున్నడు."

ఆ రాత్రి ద్వారకానాథ్ గారు పెరుగన్నం తినలేదు. యాభై ఆరేళ్ళుగా వానకీ ఎండకీ తట్టుకుని, రేకు మీద పుట్టుకతో వచ్చిన స్క్రూలు కూడా ఊడకుండా మిగిలిన బండి. దాని పొట్ట కోసి కాపచినో అమ్ముతారు. అది ఆపగలిగేది గ్యారేజీ తాళం ఉన్న మనిషి ఒక్కతే. ఆ మనిషిని అడిగే మొహం తనకి లేదు.

మర్నాడు పొద్దున్న ఆవిడే గ్యారేజీలోకి వచ్చారు, తులసి కుండీకి నీళ్ళు పోసే నెపంతో.

"ఆ రేకు మీద తేదీ ఖాయమేనా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కాదు."

"అదేమిటి?"

"అది ఆ బండి తయారు చెయ్యాలని ఫ్యాక్టరీ వాళ్ళు ముందుగా అనుకున్న రోజు. నిజంగా ఏ రోజు తయారైందో ఆ రేకు చెప్పదు. ముందే కావచ్చు, ఆలస్యంగా కావచ్చు. ఆ అసలు తేదీని ఎవరూ అక్కడ గుద్దలేదు."

"నిన్న ఆ మాట అనలేదే?"

"నిన్న నాకు బండి కావాల్సి వచ్చింది."

"ఇవాళ అక్కర్లేదా?"

"ఇవాళా కావాలి. కానీ తేదీల విషయంలో ఇప్పటికే నీ దగ్గర నా పరువు..." ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు.

విద్యావతి గారికి నవ్వొచ్చింది. ఆపుకోడానికి కుండీలో నీళ్ళు ఎక్కువ పోశారు. "అంటే, పాపం దానికీ సర్టిఫికెట్ తేదీయేనా?"

"ఒకరకంగా అంతే."

"పోనీ, నిజంగా పుట్టింది మాత్రం కార్తీకంలో అయి ఉండవచ్చు కదా?"

ఇది ప్రలోభం. అందులోనూ ఆయన సొంత మాటనే తాంబూలంలో పెట్టి అందించినట్టు అందించారు. అవునంటే చాలు, బండి వచ్చేసినట్టే.

"కాదు విద్యా. అటూ ఇటూ కొన్ని వారాలంటే నమ్ముతాను. కార్తీకం దాకా లాగలేను. ఎంత లాగినా నీ అసలు ఏడాదికి అందదు. నీకూ దానికీ సంబంధం ఏమీ లేదు. నాకు ఇష్టం, అంతే."

ఆవిడ నీళ్ళ చెంబు కింద పెట్టారు. కాఫీ కొట్టు మాట అప్పటికే తన్మయి ద్వారా ఆవిడ చెవిన పడి ఉంది. "ఈ ముక్క నిన్నే అనాల్సింది," అన్నారు. "సంబంధాలు వెతికారు గానీ... సరే, శుక్రవారం సెలవు పెడతాను. పులిహోర కలుపుతాను. చూడ్డానికే, ఇంకో మాట లేదు. చూసొద్దాం."

మెల్‌బోర్న్ పోయే హ్యూమ్ హైవే మీద తొమ్మిది గంటల పైన పట్టింది. దారంతా ఆయన ప్లిమత్ వంశ చరిత్ర చెప్పారు. గుండగై దాటేసరికి ఆవిడ నిద్రపోయారు. ఆల్బరీలో లేచి, "ఇంకా అరవై ఐదు మోడల్లోనే ఉన్నారా?" అన్నారు.

క్రాన్‌బర్న్‌లో చందు ఇంటి ముందు బండి నిలబెట్టి ఉంది. తోక గేటు దగ్గర ఉంటే ముక్కు గ్యారేజీలో ఉంది. చందు భార్య శ్రీదివ్య ఎదురొచ్చి, "రండి ఆంటీ, రండి. మీరు కొనకపోయినా పర్లేదు, దాన్ని తిట్టడానికి ఓ మనిషి దొరికారు" అంది.

ద్వారకానాథ్ గారు బానెట్ ఎత్తించి రేకు దగ్గర వంగిపోయారు. గోటితో మట్టి గీకారు, స్క్రూలు చూశారు, టార్చి వేశారు. ఇక్కడ అడిగేవాడూ లేడు, రాయించుకునేవాడూ లేడు. అయినా రిపోర్టు పైకే చదువుకుంటున్నారు. చందు పక్కన నిలబడి, అర్థం కాని మంత్రానికి తలూపినట్టు తలూపుతున్నాడు.

ఈలోగా ఆడవాళ్ళిద్దరూ వెనక్కి వెళ్ళారు. శ్రీదివ్య వెనక తలుపు తీసి చూపించింది. అక్కడ మూడో సీటు ఉంది. అది ముందుకి కాకుండా వెనక్కి తిరిగి ఉంటుంది. అందులో కూర్చుంటే వీపు డ్రైవరు వైపు, మొహం వచ్చిన దారి వైపు.

"ఇదొక్కటే నాకు నచ్చింది ఆంటీ దీంట్లో," అంది శ్రీదివ్య. "కోపం వచ్చినప్పుడు ఇక్కడ కూర్చునేదాన్ని. ఈయన మొహం కనపడదు."

విద్యావతి గారు చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎక్కి కూర్చున్నారు. శ్రీదివ్య పక్కన కూర్చుంది. పులిహోర డబ్బా మధ్యలో తెరుచుకుంది. ఎదురుగా వీధి, సాయంత్రపు ఎండ, అవతలింటి వాళ్ళ చెత్తబుట్టలు. ఇద్దరూ ఏదో చెప్పుకుని, గట్టిగా నవ్వడం మొదలుపెట్టారు.

ముందు సీట్లో ద్వారకానాథ్ గారు ఎడంచేతి వైపు స్టీరింగు దగ్గర కూర్చుని తాళం తిప్పారు. ఇంజన్ ఒకసారి దగ్గి, తర్వాత బరువుగా, తృప్తిగా మూలగడం మొదలుపెట్టింది. ఆయన వెనక్కి తిరిగి, "విద్యా, ఎలా ఉంది?" అని అరిచారు.

జవాబు వచ్చింది గానీ, ఆ బండి పొడుగుకీ ఈ ఇంజన్ చప్పుడుకీ ముందుదాకా చేరలేదు. మధ్యలో కిటికీ దగ్గర చందు నిలబడి ఉన్నాడు.

"ఏమంటోంది?" అన్నారు ద్వారకానాథ్ గారు.

చందు వెనక్కి చెవి పెట్టి విన్నాడు. మొహం వెలిగింది. "కొనమంటున్నరు అంకుల్!"

"నిజంగానా?"

"నిజంగనే. ఇంకోటి గూడ అంటున్నరు, ఆ వెనక సీటు గురించి..." చందు మళ్ళీ విని, నవ్వాపుకుని, తల అడ్డంగా ఊపాడు. "అది నేను చెప్పను అంకుల్. మీరే పోయి ఇనుండ్రి."

ద్వారకానాథ్ గారు ఇంజన్ ఆపి, దిగి, ఆ మాట వినడానికి బండి పొడుగునా వెనక్కి నడిచారు.