దేముడమ్మ నడుముకు చుట్టుకున్న కేబుల్

రాయగడ శివార్లలో దాణా బస్తాలు పేర్చే షెడ్డు ఒకటుంది. అందులో కేబుళ్లు లాగేది నేనే. పదో తరగతి మూడుసార్లు తప్పినవాణ్ణే గానీ, నేను లాగిన కేబుళ్లన్నీ కలిపితే కొరాపుట్ వెళ్లి, అక్కడ టీ తాగి తిరిగొస్తాయి. నమ్మకపోతే కొలుచుకోండి. ఇప్పుడు చెప్పేదానికి మాత్రం కొలత అక్కర్లేదు.

అక్కడ ఊడ్చే మనిషి దేముడమ్మ. పార్వతీపురం నుంచి వచ్చిన కుటుంబం. ఆమె తల్లి మునిసిపాలిటీలో వీధులు ఊడ్చింది. చుట్టరికం లేకపోయినా నేను పిన్నీ అంటాను.

బస్తాలు పేర్చేది రోబో. చుట్టూ ఇనప కంచె. చేరిన మొదటి నెలలోనే ఆమె కంచె లోపల దాణా ఊడుస్తుండగా, అద్దాల గదిలోంచి ఇంజనీరు దేబాశిష్ చూసుకోకుండా స్టార్ట్ నొక్కాడు. ఇనప చెయ్యి ఆమె చీపురు లాక్కుపోయింది. కంచె తలుపు తీస్తే రోబో ఆగాలి. ఊరికే ఆగుతోందని ఆ ఏర్పాటు ఎవరో ఎప్పుడో తీసేశారు.

"లారీ అయితే హారనేస్తాది. ఇది సెప్పకుండా లెగుస్తాది," అంది.

కంప్యూటర్ ఆజ్ఞ రోబోకు చేరేది గోడ మీది పెట్టెలో ఉండే మూడు మూరల నీలం కేబుల్ గుండా. ఆ రోజునుంచి లోపలికెళ్లే ముందు ఆమె దాన్ని రెండు కొసలా ఊడదీసి నడుముకు చుట్టుకునేది. అద్దాల గదిలో తెర మీద ఆ రోబో పేరు ఎర్రబడేది. ఎర్రబడితే దేముడమ్మ లోపలున్నట్టు. ఎవరూ రాసిపెట్టలేదు గానీ షెడ్డంతా దాన్నే నమ్మింది.

కిందటి నెల రెండో రోబో, దాని చుట్టూ ఇంకో కంచె వచ్చాయి. పెట్టెలో రెండు కేబుళ్లయ్యాయి. వాటికి ఒకటి, రెండు అని స్టిక్కర్లు నేనే అంటించాను.

"ఒకపాలి సూసుకోరా కామేషూ."

"కళ్లు మూసుకుని కలిపేస్తాను పిన్నీ."

"అదే నా బయం."

మర్నాడు పొద్దున్న అద్దాల గదిలో దేబాశిష్‌కు నా గొప్పలు చెబుతున్నాను. తెర మీద రెండు ఎర్రబడింది. ఆమె రెండో కంచెలో ఉందనుకుని అతను ఒకటో రోబోకు స్టార్ట్ నొక్కాడు. నేను అద్దంలోంచి చూశాను. దేముడమ్మ గొంతుక్కూర్చుని ఊడుస్తోంది, ఒకటో కంచెలో.

నా చెయ్యి రోబోల్ని ఆపే ఎర్ర బటన్ మీద పడింది. ఆమె తలకు జానెడు పైన ఇనప చెయ్యి ఆగింది. ఆమె లేచి నిలబడి ఉంటే, ఇది రాయడానికి నాకు ధైర్యం ఉండేది కాదు.

కంచె దగ్గరకు వెళ్లాను. ఆమె నడుము తడుముకుంది.

"కేబుల్ నాకాడే ఉంది గదా. మరిదెలాగ లెగిసింది?"

ఎలక, పిడుగు, కరెంటు. నాలుక మీద పది కథలున్నాయి. ఒక్కటీ కదల్లేదు.

"స్టిక్కర్లు నానే తారుమారుగా అంటించేను పిన్నీ."

ఆమె తిట్టలేదు. కేబుల్ విప్పి నా నడుముకు చుట్టింది.

"రేపట్నుంచి నాతోపాటు లోపలికి రా. నాను ఊడుస్తాను, నువ్వు ఈ సెయ్యి కింద కూకో."

స్టిక్కర్లు సరిచేశాను. రోజూ పదిసార్లు చూస్తాను. తలుపు ఏర్పాటు ఇంకా బాగుచెయ్యలేదు. పొద్దున్నే ఆ ఇనప చెయ్యి కింద కూర్చుని, కేబుల్ గట్టిగా పట్టుకుని, పైకే చూస్తుంటాను. దేముడమ్మ మాత్రం తొందరపడదు. మూలమూలా ఊడుస్తుంది.