చచ్చిన రొయ్యలు చెప్పిన సంగతి

మూడేళ్ల కిందటి మాట. మార్చి నెల, ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. ఏలూరులో రొయ్యల బ్రీడింగ్ ల్యాబ్‌లో నేను జెనెటిక్స్ చూసేదాన్ని. ఇప్పటికీ అదే పని. రొయ్య ఈతకాలి నుంచి చిన్న ముక్క కత్తిరించి, అందులోంచి డీఎన్ఏ తీసి, మార్కర్ ఉందో లేదో చూస్తాం. మార్కర్ అంటే ఒక గుర్తు. అది ఉన్న రొయ్య ఫలానా రోగాన్ని తట్టుకుంటుందని మా నమ్మకం. గుర్తున్న తల్లుల్నీ తండ్రుల్నీ ఏరి కలిపితే గట్టి పిల్ల వస్తుందని ఆశ.

తెల్లమచ్చ వైరస్‌ని తట్టుకునే మార్కర్ దొరికిందనుకుని, మండవల్లి దగ్గర సత్యనారాయణగారి చెరువులో పరీక్షకు పెట్టాం. మార్కర్ ఉన్న పిల్ల సగం, మామూలు పిల్ల సగం కలిపి వదిలాం. రెండు నెలలు తిరక్కుండానే తెల్లమచ్చ వచ్చిపడింది. నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, గట్టు పొడవునా చచ్చిన రొయ్యలు తేలుతున్నాయి. సత్యనారాయణగారు తువ్వాలు నెత్తిన వేసుకుని గట్టు మీద కూలబడ్డారు. అంతకుముందు పంట కూడా ఆయనకి ఇలాగే పోయింది.

నాకు తొందరెక్కువ, నోరూ ఎక్కువే. "చూస్తూ కూర్చుంటారేంటండీ! చచ్చినవన్నీ ఏరించి, గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్పించెయ్యండి. పక్క చెరువులకి పాకితే ఊరంతా మన మీద పడుతుంది" అని కేకలేశాను. మా పనిలో అది కంఠతా వచ్చిన పాఠం. బతికున్నవాటిని మాత్రం వలేసి పట్టించి, కాళ్ల ముక్కలు ట్యూబుల్లో వేసుకుని ఏలూరు వచ్చేశాను.

ఫలితాలు చూస్తే ఒళ్లు పులకరించింది. బతికినవాటిలో దాదాపు అన్నింటికీ మార్కర్ ఉంది! సగం సగం వదిలితే మిగిలినవన్నీ మా రకమేనన్నమాట. మా మేనేజర్‌గారు స్వీట్లు తెప్పించారు. ఫోన్ చేసి చెబితే సత్యనారాయణగారి గొంతులో ప్రాణం వచ్చింది.

"అయితే వచ్చే పంటకి మూడు చెరువుల్లోనూ ఆ పిల్లే వదిలేస్తానండీ. అదీ పోతే ఇక చెరువులు మానేసి చింతలపూడి వైపు పామాయిల్ తోటల్లో పనికి పోవడమే" అన్నారు.

వారం తర్వాత, వైరస్ చావడానికి బ్లీచింగ్ చేసిన నీళ్లు ఎలా ఉన్నాయో చూడటానికి వెళ్లాను. ఆయన భార్య మంగగారు మంచినీళ్లిచ్చి, ఫ్రిజ్ పై అరలోంచి ఓ డబ్బా తీసి నా ముందు పెట్టారు. లోపల గడ్డకట్టిన చచ్చిన రొయ్యలు.

"ఇవెందుకు దాచారండీ?"

"మీ పెద్దవాళ్లెవరైనా వస్తే చూపించి అడుగుదామని, పూడ్చకముందే కొన్ని ఏరి దాచానండీ. రోగం రాదని చెప్పి ఇచ్చారు కదా."

"రాదనలేదండీ, తట్టుకుంటుందన్నాం."

"మాకు రెండూ ఒకటేనండీ" అన్నారావిడ, గొంతు పెంచకుండానే.

సిగ్గేసింది. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. చచ్చినవాటిని నేను పరీక్షే చెయ్యలేదు, పూడ్పించేశాను! బతికినవాటిలో గుర్తు ఉంటే సరిపోదు, చచ్చినవాటిలో అది తక్కువగా ఉంటేనే దానికి విలువ. డబ్బా అడిగి పుచ్చుకుని ల్యాబ్‌కి పరిగెత్తాను.

చచ్చినవాటిలోనూ దాదాపు అన్నింటికీ మార్కర్ ఉంది. అంటే వైరస్ వచ్చేసరికే ఆ చెరువులో మామూలు పిల్ల లేదు. ఏమైపోయినట్టు? ఏమీ తోచక మంగగారికే ఫోన్ చేశాను.

"పిల్ల వదిలిన రోజు మామూలు పిల్ల తెచ్చిన బండి మధ్యాహ్నం దాకా రాలేదు కదండీ. సంచులు వేడెక్కిపోయాయి. పిల్ల అడుగున పడుందని నేను చూపిస్తే, 'పర్లేదండీ, నీళ్లలో పడితే తేరుకుంటాయి, వదిలెయ్యండి' అన్నారు మీరే."

నిజమే, అన్నాను. అన్నమాటే మర్చిపోయాను.

మేనేజర్‌గారికి చెబితే తల పట్టుకున్నారు. "నలుగురికీ చెప్పేశాం కదమ్మా, ఇప్పుడెలా?" అన్నారు. "మనం చెప్పింది నమ్మి ఆయన మూడు చెరువులూ పోగొట్టుకుంటారండీ" అన్నాను. కాసేపు గొణిగి, చివరికి ఆ పిల్ల రైతులకివ్వడం ఆపించారు.

సత్యనారాయణగారికి ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. మండవల్లి వెళ్లి ఎదురుగా నిలబడి చెప్పాను. "బాబాయిగారూ, ఆ పిల్ల నమ్ముకోకండి. గట్టిదో కాదో తేలలేదు. తప్పు నాదే. ఈసారి మామూలు పిల్లే, వైరస్ లేదని పీసీఆర్ పరీక్ష చేయించి, ఒక్క చెరువులో వదలండి."

ఆయన అడిగారు, "మరి ఆ బతికినవి ఎలా బతికాయంటారు?"

"తెలీదండీ."

"ఇన్నేళ్లలో ఎంతమంది సార్లు, మేడమ్‌లు మా గట్టు మీదకి వచ్చారో. తెలీదన్న మనిషిని నిన్నొక్కదాన్నే చూశానమ్మా" అన్నారు. ఆ ఏడు ఒక్క చెరువే వేశారు.

పరీక్ష మళ్లీ మొదటి నుంచీ పెట్టాం, ఇంకా నడుస్తోంది. ఇప్పుడు సంచి విప్పి పిల్లని చూడనిదే వదలనివ్వను. రోగం వస్తే పూడ్చకముందే చచ్చినవాటిని ఏరుకుంటాను. ఆ రోజు మంగగారికి మా మీద అంత కోపం లేకపోయుంటే, నా తప్పు మూడు చెరువులనూ ముంచేసేది.